ఉన్నాం కాదు, ఉన్నాను

రేవులో అందరూ ఆమెను హాజరక్క అంటారు. వయసు యాభై దాటింది. ఒకప్పుడు డైవింగ్ సూట్లకు అతుకులు వేసే కొట్టు నడిపేది. ఇరవై ఏళ్ళుగా సొంత పడవలో జనాన్ని తీసుకెళ్ళి, సముద్రంలో మునిగిన పాత సరుకుల ఓడను చూపిస్తోంది. మాట కరుకు. నవ్వదని కాదు, ఆ విషయంలో కాస్త పొదుపు.

నేను బస్సు డిపోలో టైమ్‌కీపర్‌ని. మా ఆవిడా నేనూ డైవింగ్ శిక్షణ పూర్తిచేసి, మొదటిసారి ఆ ఓడను చూద్దామని పడవ మాట్లాడుకోవడానికి వెళ్ళాం. మొదటి పడవవాడు తీయగా మాట్లాడాడు.

"కొత్తవాళ్ళయితే ఏంటి సార్? ఓడ లోపల కూడా తిప్పుతాం. గుర్తుగా ఏదైనా తెచ్చుకోండి."

నాకు నోరూరింది. హాజరక్క దగ్గరికి వెళ్తే అన్నీ వద్దులే.

"లోపలికి దూరకూడదు. ఏదీ ముట్టకూడదు, తేకూడదు. గాలి పెరిగితే సగం దారిలోంచైనా తిప్పేస్తా, నా మీద అరవకూడదు. చివరిసారి ఎప్పుడు దిగారు? ఎంత లోతు?"

ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

"ఈవిడ పడవే ఎక్కుదామండీ," అంది మా ఆవిడ. "ఇన్ని పట్టించుకునే మనిషి మనల్ని మర్చిపోయి రాదు."

పడవ కదిలే ముందు పేరుపేరునా హాజరు పిలిచింది. నా పేరు రాగానే ఇద్దరికీ కలిపి "ఉన్నాం" అన్నాను. హాజరక్క పెన్సిల్ ఆపింది.

"'ఉన్నాను' అనండి. ఆవిడకీ నోరుంది."

నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఇద్దరి తరఫునా నేనే మాట్లాడుతున్నాను. మా ఆవిడ ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు.

నీళ్ళలో చేతులు కట్టుకుని ఓడ చుట్టూ తిరిగాం. తుప్పు పట్టిన కిటికీలోంచి చేపలు మమ్మల్ని తొంగిచూశాయి. ఒకే తాడు పట్టుకుని ఇద్దరం పైకి తేలాం. నిచ్చెన నేను ముందెక్కాను. బరువులు విప్పుకుని తలెత్తేసరికి, వెనక బల్ల మీద తువ్వాలు కప్పుకుని మా ఆవిడ కనిపించింది.

మళ్ళీ హాజరు.

"ఉన్నాం," అన్నాను అలవాటుగా.

"ఆవిడ?"

"అదిగో, వెనక."

తువ్వాలు పక్కకు జరిగింది. ఆమె వేరెవరో.

హాజరక్క అరవలేదు. ఇంజిన్ దగ్గరున్న కుర్రాడికి వేయొద్దని సైగ చేసి, పైకప్పు ఎక్కి నీళ్ళన్నీ కళ్ళతో గాలించింది. చాలా దూరంలో, ఆపదలో గాలి ఊది నీళ్ళపై తేల్చే నారింజ రంగు బుడగ ఒకటి కనిపించింది. నిచ్చెన దగ్గర కాలికి తొడిగిన ఈత రెక్క సర్దుకోవడానికి మా ఆవిడ తాడు వదిలిందట. ప్రవాహం లాక్కుపోయింది. ఆ బుడగ పట్టుకుని ఈల ఊదుతూనే ఉందట, ఎదురుగాలికి మాకు వినపడలేదు. పడవలోకి ఎక్కించాక ఆమె చెయ్యి వదలబుద్ధి కాలేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

తిరుగుదారిలో హాజరక్క పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"నా మాట నమ్మి బయల్దేరి ఉంటే?"

ఆమె నా వైపు తిరగలేదు.

"మా చెల్లీ నేనూ ఎప్పుడూ కలిసే దిగేవాళ్ళం. ఒకరోజు వేరేవాళ్ళ పడవలో వెళ్ళాం. పేర్లు పిలిచినప్పుడు నేనే అన్నాను, ఉన్నాం అని. రేవుకొచ్చాక చూసుకున్నా. వెనక్కి వెళ్ళాం. నీళ్ళే ఉన్నాయి."