బోర్డు మీద మైనస్ గుర్తు

మా పరిశోధన బృందం అంటే పెద్ద ప్రయోగశాల ఏదో ఊహించుకోకండి. సూర్యాపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ, అందులో మెట్ల కింద ఒక గది, ఒక నల్లబోర్డు, పాత కంప్యూటర్లు. మనుషులం ముగ్గురం: మా గైడు సారు, నేను, నా తర్వాత చేరిన, మిర్యాలగూడ దగ్గరి వేములపల్లి అమ్మాయి. మేం చేసే పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, వడ్లు ఎలా ఎండుతాయో లెక్క కట్టి ముందే చెప్పడం. మిర్యాలగూడ మిల్లుల్లో ఉప్పుడు బియ్యం కోసం వడ్లను ఉడికించి డ్రయ్యర్‌లో పోస్తారు. తొందరపడి వేడి పెంచితే గింజ లోపల చిట్లి నూకవుతుంది. నెమ్మదిస్తే బయట లారీలు బారులు తీరతాయి. ఎంత గాలి పంపాలి, ఎంత వేడి పెట్టాలి అన్నది మా సమీకరణాలు చెప్పాలి.

నావి చెప్పాయి కూడా. మిల్లులో కొలిచిన తేమకూ నా లెక్కకూ తేడా కనిపించనంత బాగా కుదిరింది. ఇంకేం, థీసిస్ ఇచ్చేసి బయటపడొచ్చు అనుకున్నాను.

సారు దగ్గర ఒక పద్ధతి ఉంది. తర్వాతివాళ్లకు పని అప్పగించనిదే ఎవరూ థీసిస్ ఇవ్వకూడదు. అప్పగించడమంటే ఫైళ్లు ఇవ్వడం కాదు. కొత్తగా వచ్చినవాళ్లు కాగితం చూడకుండా బోర్డు దగ్గర నిలబడి మొదటి సమీకరణం నుంచి చివరిదాకా సొంతంగా రాయాలి. ఆ అవకాశం ఏడాదికి ఒక్కసారే. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది, ఇరుక్కున్నవాళ్లకు తెలుస్తుంది దాని రుచి. ఈ అమ్మాయికి ముందు ఇద్దరు వచ్చారు. ఒకామెకు గురుకులంలో టీచరు ఉద్యోగం వచ్చింది, ఇంకొకతను ఈ గోల మనకెందుకని వెళ్లిపోయాడు. వాళ్లు వెళ్లినప్పుడల్లా నేను మళ్లీ మొదటికొచ్చాను.

మా ఇల్లు కోదాడలో. పొద్దున బస్సెక్కి సూర్యాపేట, మిల్లులో తేమ కొలవాల్సిన రోజు మిర్యాలగూడ, సాయంత్రానికి మళ్లీ కోదాడ. ఈ మూడు ఊళ్ల మధ్య గానుగెద్దులా తిరిగాను. ఆ ఏడాది మా వీధి చివరి కాలేజీలో ఒక పోస్టు ఖాళీ అయింది. వేసవి సెలవులు ముగిసేలోగా థీసిస్ ఇచ్చినట్టు చూపిస్తే అది నాదేనన్నారు. నడిచి వెళ్లి, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తినే ఉద్యోగం. దాని మీద నాకెంత ఆశ ఉండేదో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే ఆ అమ్మాయిని పట్టుకుని కూర్చున్నాను. చురుకైన పిల్ల. కానీ గింజ పైపొర దగ్గర, లోపలి నీరు గాలిలోకి వెళ్లేచోట, మైనస్ గుర్తు మర్చిపోయేది. అక్కడికి రాగానే నేను కుర్చీలోంచే అరిచేదాన్ని. ఆమె నవ్వేది. "అక్కా, మీరు బోర్డును సూస్తలేరు, నన్ను కావలి కాస్తున్నరు" అనేది.

అప్పగింత రోజు వచ్చింది. సారు వెనక బల్ల మీద కూర్చుని నాతో అన్నారు, "ఇయాళ నువ్వేం మాట్లాడొద్దమ్మా. ఆమెను రాయనీ."

ఆమె రాసింది. వేడి గింజలోకి ఎలా పోతుందో రాసింది, తేమ ఎలా కదులుతుందో రాసింది. నా ప్రాణం కుదుటపడుతోంది. పైపొర దగ్గరికి వచ్చింది. మైనస్ పెట్టలేదు.

ఆ గుర్తు లేకపోతే వడ్లు ఎండవు. గాలిలోని తేమను తాగి ఇంకా ఉబ్బుతాయి. సారు మొహంలో ఏ మార్పూ లేదు. నేను నోరు నొక్కుకున్నాను. వీధి చివరి కాలేజీని తలుచుకున్నాను, వేడన్నాన్ని తలుచుకున్నాను. ఆమె కింది లైను మొదలుపెట్టింది. తప్పు గుర్తు మీద ఇంకో లైను పడుతుంటే ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది.

"మైనస్" అన్నాను.

చాక్‌పీసు ఆగిపోయింది. సారు కోప్పడలేదు, అదే ఇంకా బాధ. "ఇంకో ఏడాది సూద్దామమ్మా" అన్నారు.

"చిన్న గుర్తే కదా సార్. తనకి మొత్తం వచ్చండీ."

"వస్తే నువ్వెందుకు చెప్పినవ్?"



సాయంత్రం ఆమె మిర్యాలగూడ బస్సు కోసం, నేను కోదాడ బస్సు కోసం బస్టాండులో పక్కపక్కనే నిలబడ్డాం. ఆమే మొదలుపెట్టింది. "ఏమనుకోకుండ్రి అక్కా. ఆడ మైనస్ నేను ఎప్పుడూ మర్సిపోత. గందుకే కింది లైనుల గింజ తేమ తగ్గుతున్నదా, పెరుగుతున్నదా అని సూసుకుంట. ఇంట్ల రాసినప్పుడల్లా గట్లనే దిద్దుకుంట. ఇయాళ గూడ తప్పు దొరుకుతుండె."

"మరి నా ముందు ఒక్కసారి కూడా దిద్దుకోలేదేంటి?"

ఆమె నా వైపు చూడలేదు. "మీరు నన్ను గా లైను దాకా ఎన్నడు పోనిచ్చిండ్రక్కా?"

కోదాడ బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, ఆడవాళ్ల ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు తీయబోయాను. కండక్టర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "రోజూ ఎక్కేటోళ్లు, మీది తెల్వదా మేడం" అంటూ, నేను ఊరి పేరు చెప్పకముందే టికెట్టు చేతిలో పెట్టాడు. అప్పుడొచ్చింది ఏడుపు.