కంటైనర్ కంతలకు సబ్బు పెట్టిన రోజు

"అవ్వా, గవి కంతలు కావు. గాలి ఆడేతందుకు చేసినోళ్లే పెట్టిన్రు."

"గాలి ఆడేతందుకా? మరి గింత పెద్ద దర్వాజ ఎందుకు పెట్టిన్రు, బొమ్మకా?"

"దర్వాజ మూస్తే లోపటికి గాలి ఎట్ల పోతది?"

"ఎందుకు పోవాలె? లోపట నేను కాపురం పెడ్తున్ననా యాదగిరీ? కుర్చీలు, పరదాలు పెట్టుకుంట. కుర్చీలు ఊపిరి పీలుస్తయా?"

"నీకు దండం పెడ్త అవ్వా..."

"దండం నీ కాడ్నే పెట్టుకో. కిరాయి తగ్గియ్యి."

తగ్గించాడు. ఆ గొడవలో గెలిచింది నేనే. అక్కడ ఓడిపోయి ఉంటే నా కోడలు ఏడ్చేది కాదు, పెద్దవంగరలో ఒక పెళ్లి పందిరి కింద నా పరువు పోయేది కాదు, నేనిప్పుడు ఇది రాసేదాన్నీ కాదు.

ఇది నాలుగేళ్ల కిందటి మాఘమాసం సంగతి. జనగామ దాటాక హైదరాబాద్ రోడ్డు పక్కన, ఓడల మీద తిరిగి తిరిగి అలసిపోయిన ఇనుప కంటైనర్లను కిరాయికిచ్చే జాగా ఒకటుంది. యాదగిరి అక్కడ కంటైనర్లు చూపించే మనిషి. నేను మూడో తరగతి దాకే చదువుకున్నాను గానీ, బేరమాడటంలో నన్ను మించినవాళ్లు మూడు జిల్లాల్లో లేరని అప్పట్లో నా నమ్మకం. నవ్వకండి, నవ్వాల్సింది ఇంకా ముందుంది.

కంటైనర్‌తో మాకేం పనంటారా? మా అబ్బాయి సీనుకు టెంటు హౌస్ ఉంది. సామాను పెట్టుకునే పాత గదిలో ఎలుకలు పరుపుల దూది పీకి, అందులోనే పురుళ్లు పోసుకుంటున్నాయి. ఇనుప డబ్బా అయితే ఎలుక పన్ను దిగదని, ఒకటి కిరాయికి తెచ్చి ఇంటి పక్క ఖాళీ జాగాలో పెడదామన్నాడు సీను. కుర్చీలూ పరుపులూ సరే, అసలు దాచాల్సింది మాత్రం పరదాలు. అవి నా కోడలు రజితవి. దసరా నుంచి ఒక్కతే కుట్టు మిషన్ ముందు కూర్చుని, పాల మీగడ లాంటి తెల్ల శాటిన్ గుడ్డతో మండపానికి నిండా సరిపోయేటన్ని పరదాలు కుట్టింది. పెద్దవంగర పెళ్లిలో అవి పదిమందికీ నచ్చితే, ఇకమీదట మండపం అలంకరణ పనంతా తన చేతికే ఇవ్వాలని మొగుడితో ఒప్పందం చేసుకుంది. నచ్చకపోతే మళ్లీ ఊరివాళ్ల జాకెట్లు కుట్టుకోవడమే. పెళ్లికి ఇక మూడు రోజులే.

అంత విలువైన గుడ్డలు పెట్టే డబ్బాను చూడకుండా తీసుకుంటానా? బర్రెను కొనేవాళ్లు పళ్లు చూసినట్టు చూశాను. గోడలు వేలితో కొట్టి చప్పుడు విన్నాను. నేల చెక్క మీద మోకాళ్ల మీద కూర్చుని వాసన పట్టాను. తలుపు చుట్టూ ఉన్న రబ్బరును పొడవునా వేలితో తడిమాను. సీను సిగ్గుతో ఫోన్‌లో తల దూర్చాడు. చివరికి యాదగిరే చెప్పాడు.

"అవ్వా, లోపల్కి పోయి నిలబడు. నేను దర్వాజ మూస్త. కప్పుకు యాడన్న తూటు పడితె ఎండ కనవడ్తది. కనవడకపోతె నీళ్లు దిగవు."

మంచి ఉపాయమే. లోపలికి వెళ్లి నిలబడ్డాను. తలుపు పడింది. చీకటంటే అలాంటిలాంటి చీకటి కాదు, నా చెయ్యి నాకే కనిపించలేదు. తలెత్తి చూస్తే కప్పు నిఖార్సుగా ఉంది. కానీ అటొక మూల, ఇటొక మూల, గోడ పైభాగాన జల్లెడ కంతల్లాంటి సన్నని చుక్కలు మసకగా మెరిశాయి. "దొరికినవ్ బిడ్డా!" అని లోపలి నుంచే కేకపెట్టాను. ఆ తర్వాతి గొడవే మీరు మొదట విన్నది.

నా వైపు నుంచి ఒక్క మాట చెప్పుకోనివ్వండి. నేను పుట్టిపెరిగింది తాటాకు కప్పు కింద. అక్కడ కంత అంటే నెత్తిన వాన. బస్తాకు కంత పడితే ఎలుక, కుండకు పడితే ఎసరు నీళ్లు పొయ్యిలోకి, జేబుకు పడితే సంత దాకా నడిచిన నడకంతా వృథా. పెళ్లయి వచ్చాక కూడా నా బతుకంతా ఏదో ఒక కంత మూయడంతోనే గడిచింది. కావాలని, కొలిచి, పని కోసం పెట్టే కంత కూడా ఉంటుందని నాకెవరు చెప్పారు? యాదగిరి చెప్పాడు. కిరాయి తగ్గించుకునే తొందరలో వినలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి కంటైనర్ మా జాగాలోకి దిగింది. అప్పటికి రజిత పరదాలన్నీ ఉతికి దండేల మీద ఆరేసింది. మాఘమాసపు ఎండ సంగతి తెలిసిందే, పైకి వేడిగా ఉన్నా గుడ్డ అంచులు తొందరగా ఆరవు. సాయంత్రం అంచులు పట్టుకుని చూసి రజిత అంది:

"అత్తమ్మా, ఇంక జర మెత్తగున్నయి. రాత్రి ఇంట్లనే ఫ్యాన్ కింద ఏస్త."

"ఇంట్ల యాడ జాగుంది? బయట ఉంచితె కోతులు పీలికలు చేస్తయి. డబ్బల పెట్టు. పొద్దుగాల వరకు అవే ఆర్తయి."

"మూసిన డబ్బల ఎట్ల ఆర్తయి?"

"పొద్దందాక కాగిన ఇనుము. లోపట పెనం లెక్కుంది. నువ్వు ఇస్త్రీ చేసే పనే తప్పుతది పో!"

నా తెలివికి నేనే మురిసిపోయాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎక్కడ ఊరుకున్నాను? అరిగిపోయిన ఒంటి సబ్బు ముక్కల్ని నేను పారేయను, ఒక పాత డబ్బాలో దాస్తాను. పాతకాలం డ్రైవర్లు లారీ ట్యాంకు కారితే సబ్బు రుద్ది ఆపేవాళ్లు, నా కళ్లతో చూశాను. ఆ డబ్బా పట్టుకుని నిచ్చెనెక్కాను.

"అమ్మా, ఏం చేస్తున్నవ్?" అన్నాడు కింద నుంచి సీను.

"నువ్వు చెయ్యాల్సిన పని."

"గవి గాలికట కదా?"

"నువ్వు యాదగిరి కొడుకువా, నా కొడుకువా?"

సీను ఇంట్లోకి వెళ్లిపోయాడు. నేను సబ్బు తడిపి, పిండిలా పిసికి, రెండు మూలల్లో ఒక్క చుక్క వెలుతురు మిగలకుండా మెత్తాను. పరదాలు మడతపెట్టి కుర్చీల మీద పేర్చాం. రబ్బరు ఒత్తుకునేలా తలుపు బిగించి తాళం వేశాను. ఇక చీమ కాదు కదా, చీమ ఊపిరి కూడా లోపలికి పోలేదని అందరికీ వినపడేలా చెప్పి పడుకున్నాను.

పొద్దున తలుపు తీసింది రజితే. నేను వెనకాల ఉన్నాను. వేడి అన్నం గిన్నె మూత తీస్తే మొహానికి కొట్టినట్టు తడి వాసన కొట్టింది. తర్వాత చప్పుడు. టప్. టప్. లోపల వాన పడుతోంది! బయట ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. కప్పు నిండా చెమటలా నీళ్లు పట్టి, కడ్డీల వెంట పాకి, తుప్పు కలుపుకుని, ఎర్రగా చుక్క తర్వాత చుక్క తెల్ల పరదాల మీద రాలుతున్నాయి.

నేనేం చేశాను? నా అలవాటు ప్రకారం ఎదుటివాడి మీద పడ్డాను. యాదగిరికి ఫోన్ కలిపించాను.

"నీ డబ్బ కారుతుంది యాదగిరీ! మోసం చేసినవ్!"

"రాత్రి వాన పడ్డదా అవ్వా?"

"లేదు."

"మరి నీళ్లు యాడికెల్లి వచ్చినయి?"

"గది నువ్వు చెప్పాలె!"

"లోపట తడి గుడ్డలు ఏమన్న పెట్టినవా?"

"...జర మెత్తగుండె."

"గాలి కంతలు ఏం చేసినవ్?"

ఫోన్ సీను చేతికిచ్చేశాను. అవతల యాదగిరి చెబుతున్నది పెద్దగా వినపడుతూనే ఉంది. "పగటి ఏడికి గుడ్డల తడి ఆవిరై పైకి పోతది. పోనీకి తొవ్వ లేకపాయె. రాత్రి చలికి ఇనుము సల్లబడితె గా ఆవిరే మల్ల నీళ్లయి కారుతది. డబ్బ మంచిగనే ఉంది. అవ్వకు చెప్పు, కిరాయి తగ్గించింది కంతలకు కదా, ఇప్పుడు కంతలు లేకుంట చేసుకున్నది. మరి మొత్తం కిరాయి ఇస్తదా అని అడుగు."

రజిత మాత్రం పై పరదా ఒకటి ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చుంది. ఎర్ర చుక్కల్ని గోటితో గీకుతోంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తిట్టేవాళ్లకు జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. తిట్టనివాళ్లకు ఏం చెప్పాలో ఆ వయసు దాకా నేర్చుకోలేదు. నిచ్చెన తెచ్చుకుని ఎక్కి, నా చేతులతో పెట్టిన సబ్బును నా తలపిన్నుతోనే తవ్వి తీశాను. సన్నగా గాలి తగిలింది. దిగొచ్చి అన్నాను:

"బిడ్డా, తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండల పెడితె ఇడుస్తది. లే."

"అన్ని ఇడుస్తయా అత్తమ్మా?"

"తెల్వదు. లే ముందుగాల."

ఒక్క నిమ్మకాయను రెండు పూటలకు పిండే మనిషిని, సీనును పంపి మార్కెట్‌లో బస్తా నిమ్మకాయలు తెప్పించాను. బేరమాడొద్దని కూడా చెప్పాను. వాడు నాకు జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూశాడు. సాయంత్రం దాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చుని రుద్దాం. చేతులు మండాయి. చాలా మరకలు పోయాయి. కొన్ని మొండివి పోలేదు. వాటిని వెనక్కి తిప్పి కడదామని రజితే అంది.

మర్నాడు పెద్దవంగరలో మండపం నిజంగా వెలిగిపోయింది. ఎవరు కుట్టారని అడిగినవాళ్లే అందరూ. అంతలో పెళ్లికూతురు తల్లి, నాలాంటి మనిషే కాబోలు, పరదా అంచు పట్టుకుని కుట్టు చూస్తూ వెనక్కి తిప్పింది.

"ఇదేంది, మరక? కొత్తయి అన్నరు?"

రజిత మొహం పాలిపోయింది. సీను నేల చూశాడు. నా నోట్లో పది అబద్ధాలు తయారుగా ఉన్నాయి, లారీది, వానది, యాదగిరిది. రజిత వైపు చూశాను.

"కుట్టు మా కోడలిదమ్మా, మరక నాది" అన్నాను.

మొదలుపెట్టాక దాచడమెందుకని సబ్బుతో సహా మొత్తం చెప్పేశాను. చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వీ నవ్వీ కూలబడ్డారు. మంత్రాలు వినపడటం లేదని పంతులు కసిరాడు. పెళ్లికూతురు తల్లి కళ్లు తుడుచుకుని రజిత భుజం పట్టుకుంది.

"వచ్చే నెల మా చెల్లె బిడ్డది పెండ్లి. మండపం మొత్తం నువ్వే కట్టాలె బిడ్డా. మీ అత్తను మాత్రం ఇంటికాడ ఉంచి రా."

అందుకని మా ఇంటి పొయ్యి సాక్షిగా, మిగిలిన సబ్బు ముక్కల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ కంత కనిపించినా, అదెందుకుందో అడిగి, చెప్పిన జవాబు పూర్తిగా విన్నాకే దాని మీద చెయ్యి వేస్తాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి రజిత కంటైనర్ తలుపులు బార్లా తెరిచి, పరదాలు ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూసి లోపల పేరుస్తోంది. పని అయ్యాక తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది. నేను అడగలేదు.