మార్తమ్మ చేని గట్టు మీది గాజు

పొద్దున తొమ్మిదిన్నరకు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగాను. ఊళ్లోకి ఆటో, బస్టాండు దగ్గర ఇడ్లీ, పదిన్నరకు కొనకనమిట్ల బస్సు. ఈ దారిన వెళ్లేవారికి కష్టమేమీ లేదు. కష్టమంతా నా పనిలోనే ఉంది. ఒక రైతుకు క్షమాపణ చెప్పుకోవాలి.

ఒళ్లో అట్టపెట్టె చూసి పక్కనున్నావిడ అడిగింది: "ఏందన్నా అది, మిఠాయా?"

"రాళ్లక్కా. పాతకాలంలో గాజు కరిగించిన మట్టిమూసల ముక్కలు."

"మా వూర్లో రాళ్లకు కరువొచ్చిందని రైలెక్కించి తెచ్చినావా?"

ముందు సీటువాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండేళ్ల కిందట పురావస్తు సర్వేకు వచ్చి ఆ ముక్కల్ని మార్తమ్మ చేని గట్టు మీది కుప్పలో ఏరాను. కొన్ని వందల ఏళ్ల నాటి గాజు కొలిమి దొరికిందని పొంగిపోయి, తవ్వకం జరిగేదాకా చేను దున్నవద్దన్నాను. "అయి ఈ చేనియి కాదు సారూ. పైచేను బాగుచేసేటప్పుడు మేమే తట్టల్లో మోసి పోసినాం" అని ఆమె అప్పుడే చెప్పింది. విన్నాను, రాసుకోలేదు. కూలికి పోయే మనిషి మాటకు నోటుబుక్కులో చోటెందుకు అనుకున్నాను.

పోయిన నెల ల్యాబు ఫలితం వచ్చింది. గాజులో అల్యూమినా ఎక్కువ. ఈ ప్రాంతపు ఇసుకతో చేసిందనుకోవచ్చు. అంతవరకు నా మాట నిలిచింది. కానీ మూసల పగుళ్లలో ఇరుక్కున్నది ఎర్రమట్టి. మార్తమ్మది నల్లరేగడి.

పన్నెండింటికి చేరేసరికి ఆ చేను నిండా తుమ్మమొక్కలు.

"దున్నొద్దంటివి, దున్నలేదు" అంది మార్తమ్మ.

"తప్పు నాదే అక్కా. నువ్వు చెప్పిందే నిజం."

"నాకు తెలీదా ఏంది? రెండేండ్ల కంది పాయె."

పైచేనుకు తనే తీసుకుపోయింది. ఎర్రనేల, నా పెట్టెలోని ముక్కలకు అంటుకున్న మట్టే. ట్రాక్టరుతో లోతుగా దున్ని, బత్తాయి మొక్కలకు గుంటలు తీశారు. గుంటల పక్కన కాలిన మట్టిపెళ్లలు, వాటికి ఆకుపచ్చ గాజు పెచ్చులు. పొరలన్నీ కలిసిపోయాయి. ఇక తవ్వడానికి ఏమీ లేదు.

"ఈ చేనోళ్లకు చెప్పలేదేం సారూ, దున్నొద్దని?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

ఇంటి దగ్గర మజ్జిగ ఇచ్చి, దున్నుకోవచ్చని కాగితం రాయించుకుంది. "వాన పడితే కంది ఏస్తా. మళ్లా ఏం కనిపెట్టొద్దు నాయనా, నీకు పుణ్యముంటది."

సాయంత్రం రైల్లో నివేదిక తీసి 'దొరికిన చోటు' వరుస కొట్టేశాను. 'పొరపాటున' అని మొదలుపెట్టి, అదీ కొట్టేశాను. దొనకొండ దాటాక ఇంతే రాయగలిగాను: రైతు మార్తమ్మ చోటు సరిగ్గా చెప్పింది. నేను రాసుకోలేదు. ఆ చోటు ఇప్పుడు లేదు.