ఎంట్రీ ఫైలును ముట్టని టెస్టులు

మా అన్న కేసముద్రం అవతల ఒక పత్తి మిల్లుల పని చేస్తడు. పత్తి తెచ్చే ట్రాక్టర్లకు వచ్చిన వరుసల టోకెన్లు ఇచ్చుడు ఆయన పని. దానికోసం జావాస్క్రిప్టుల ఒక చిన్న ప్రోగ్రాం ప్యాకేజీ నేనే రాసిచ్చిన. మహబూబాబాద్‌ల ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్త. అన్న అడిగితే కాదనలే.

మొదటి వారం మంచిగనే నడిచింది. తర్వాత ఫైళ్లన్నీ ఒక కొత్త ఫోల్డర్ల సర్ది, అన్నీ సరిగ్గ పనిచేస్తున్నయా అని చూసే టెస్టులు నడిపిన. అన్నీ పాసైనయి. మిల్లు కంప్యూటర్ల ఎక్కించి, తెల్లారి అన్న వెంట నేనూ పోయిన.

ప్రోగ్రాం మొదలే కాలే. లోడ్ చెయ్యాల్సిన మాడ్యూల్ దొరకలేదని స్క్రీను మీద ఒక్క లైను.

బయట గేటు దాక ట్రాక్టర్లు. అన్న కాగితాల మీద నంబర్లు రాసి పంచబోయిండు.

"నేను తెల్లారకముందే వచ్చిన, వానికి ముందెట్ల ఇస్తవ్?" అని ఒకాయన అన్న కాలర్ పట్టిండు. ఇంకెవరో కిటికీ అద్దం పగలగొట్టిన్రు. లాప్‌టాప్ ఒళ్లె పెట్టుకొని ఎర్రర్ చదువుతున్న నా చేతుల మీద గాజు పెంకులు పడ్డయి. తలెత్తేసరికి ఇనుప రాడ్ అన్న నెత్తి మీద పడింది. మోకాళ్ల మీద కూలిండు. పడ్డోణ్ని గూడ తన్నిన్రు. నేను ఉరికి అన్న మీద అడ్డం పడ్డ. హమాలీలు వాళ్లను గుంజేదాక నా వీపు మీద దెబ్బలు పడుతనే ఉన్నయి. పోలీసులొచ్చి ఇద్దర్ని తీస్కపోయిన్రు.

దవాఖానల అన్నకు కుట్లు వేస్తుంటే వరండాల కూసోని కోడ్ చూసిన. తప్పు ఒక్క లైనే. ప్యాకేజీని ఎవరు వాడినా ముందు లోడయ్యేది ఎంట్రీ ఫైలు. దాన్ని కొత్త ఫోల్డర్‌కు మార్చిన గని, అది ఎక్కడుందో చెప్పే కాడ పాత దారే ఉంచిన. నా టెస్టులు లోపలి ఫైళ్లను నేరుగ తెచ్చుకున్నయి. ఒక్కటి గూడ ఎంట్రీ ఫైలును లోడ్ చెయ్యలే.

ఎంబడే సరిచెయ్యలే. మిల్లుల వాడినట్టే, ప్యాకేజీని దాని పేరుతోని లోడ్ చేసే టెస్టు ముందు రాసిన. నడిపితే అదే ఎర్రర్. అప్పుడు ఆ దారి మార్చిన. పాసైంది.

"నిన్న అన్నీ మంచిగున్నయంటివి గద చెల్లె?" అన్నడు అన్న, కట్టు కట్టినంక.

"చూడాల్సింది చూడలేదన్న. తప్పు నాదే."

గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. కుట్లు తీసినంక మిల్లుకు పోయేనాడు బండి దగ్గర నిలబడి, "ఆ టెస్టు నా ముందట నడిపియ్యి" అన్నడు. నడిపించిన. పాస్ అని వచ్చినంకనే చావి తిప్పిండు.