రెండు ఎడమ చేతుల కోటు

ఆ కుట్టు దుకాణంలో కత్తెర మాస్టారిది, మిషను ఆయన భార్యది, నోరు బావమరిదిది. దుకాణం కూడా బావమరిదిదే.

మాస్టారు గుడ్డ మీద సుద్దతో ఒక్కసారే గీత గీసేవాడు. చెరిపి మళ్లీ గీయగా ఎవరూ చూడలేదు. తన కత్తెరను ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. చెయ్యి మారితే పదును పోతుందని ఆయన పట్టుదల.

వైరస్ జ్వరం అందరితోపాటు ఆయనకీ వచ్చింది. జ్వరం తగ్గింది, ఆకలి తిరిగొచ్చింది, మనిషి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. టేపు మెడలో వేసుకుని టేపు కోసం వెతికేవాడు. కొలత చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. నిద్ర కరువై, పొద్దున్నే కారణం లేకుండా ఏడ్చేవాడు.

"పనిలో పడితే అదే పోతుంది. ఒళ్లు బద్ధకానికి అలవాటుపడింది" అనేది భార్య.

పనిలో పడ్డాడు. కోటు చేతులకు గుడ్డ మడతపెట్టి, రెండు పొరలూ కలిపి కత్తిరిస్తారు. అప్పుడే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. మాస్టారు మడత మరిచాడు. ఒకే అచ్చును పక్కపక్కనే రెండుసార్లు పెట్టి కోసేశాడు. భార్య మిషను కిందికి తీసుకుని చూస్తే రెండూ ఎడమవే.

"భేష్ బావా! ఇక రెండు ఎడమ చేతులున్న మనిషిని వెతికి తేవాలి" అని బావమరిది పకపకా నవ్వాడు. మాస్టారి ముఖం చూసి నవ్వు మింగేశాడు. "సర్లే, గుడ్డ మళ్లీ తెప్పిస్తా. అదీ పాడైతే మాత్రం కత్తెర వేరేవాళ్లు పట్టాల్సిందే. ఏమీ అనుకోకు."

ఆ సాయంత్రమే భార్య ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"వైరస్ పోయిందమ్మా. దాని మీదికి లేచిన ఒంటి కాపలా మాత్రం ఇంకా చల్లారినట్టు లేదు" అంది డాక్టరమ్మ. "మెదడులోనూ కాపలా కణాలుంటాయి. అవి రేగి అలాగే ఉండిపోతే సన్నని వాపు నిలుస్తుంది. నిద్ర, జ్ఞాపకం, మనసు, అన్నీ దెబ్బతింటాయి. కొందరికే ఎందుకలా అవుతుందో మాకూ పూర్తిగా తెలీదు."

"అయితే బద్ధకం కాదా?"

"కాదు."

భార్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మళ్లీ మామూలవుతానా అమ్మా?" మాస్టారు అడిగాడు.

"చాలామంది మెల్లగా తేరుకుంటారు. మీరూ అంతేనని మాటివ్వలేను. ఏడుపుకీ నిద్రకీ మందు రాస్తాను, మానకండి."

కొత్త గుడ్డ వచ్చింది. మాస్టారు బల్ల మీద పరిచాడు. మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. సుద్ద పట్టిన చెయ్యి గాల్లోనే ఆగింది. గీత గీశాడు, చెరిపాడు. మిషను ఆగిపోయింది. బావమరిది గుమ్మంలోకెళ్లి వీధి చూస్తూ నిలబడ్డాడు.

మాస్టారు కత్తెరను బల్ల మీద పెట్టి, పిడి భార్య వైపు తిప్పాడు.

"నువ్వు కొయ్యి."

"మీ కత్తెర నేను ముట్టుకోవడమేంటండీ?"

"కొయ్యమన్నానా!"

ఆయన మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుని, ఎవరిదో చొక్కా తీసుకుని కాజాలు కుట్టసాగాడు. కత్తెర గుడ్డలోకి దిగిన చప్పుడైంది. ఎక్కడా తడబడకుండా సాగింది. ఆయన తలెత్తలేదు.