నాచారంలో బొమ్మా బొరుసూ, మేడిపల్లిలో ఒక జవాబు

చిన్న ఫ్యాక్టరీల్లో పని పద్ధతి మార్చినప్పుడు ఆ మార్పు వల్ల నిజంగా మేలు జరిగిందా, లేక జరిగినట్టు అనిపించిందా అని చూసి చెప్పడం నా ఉద్యోగం. ఊరు దాటి వెళ్లే ప్రయాణాలు తక్కువ. కూకట్‌పల్లి నుంచి నాచారం వెళ్లి రావడం కూడా ప్రయాణమేనా అని మా ఇంట్లో నవ్వుతారు. ఫిబ్రవరిలో ఒక శనివారం చేసిన ఈ ప్రయాణానికి మాత్రం రెండు రోజుల ముందు నుంచీ నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఫలితం ఫోన్లో చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ సదానందం అన్న మొదట్లోనే మాట తీసుకున్నాడు, ఏ సంగతైనా ఎదురుగా కూర్చుని చెప్పాలని.

సదానందం అన్నది జనగామ దగ్గర పల్లె. నాచారంలో మందుల కంపెనీలకు అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా పేస్టింగ్ మెషీన్ చూసుకున్నాడు. పెట్టెల అతుకులు ఊడిపోతున్నాయని ఫిర్యాదులు వస్తుంటే ఒక పద్ధతి ఆలోచించాడు. గమ్ము నింపిన ప్రతిసారీ మెషీన్ కాసేపు ఆపాలి, మొదట వచ్చిన నాలుగు పెట్టెలు చేత్తో చీల్చి చూడాలి, అతుకు గట్టిగా ఉంటేనే ముందుకు నడపాలి. దసరా నాడు ఆయుధ పూజ అయ్యాక మొదలుపెట్టారు. మంచిరోజు చూడకుండా అక్కడ ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. ఆ తర్వాత వరసగా ఆరు వారాలు, ప్రతి వారమూ దసరాకు ముందున్న సగటు కన్నా ఫిర్యాదులు తక్కువ. స్వీట్లు పంచుకున్నారు. అప్పుడు నన్ను పిలిచారు.

ఇదే పని మీద వెళ్లేవాళ్ల కోసం ఆ లెక్క చెబుతాను, భయపడాల్సినంత కష్టమేమీ కాదు. ఏ మార్పూ లేదనుకుంటే ఒక వారం బాగుండటం, బాగుండకపోవడం బొమ్మా బొరుసూ లాంటిది. ఆరుసార్లు ఎగరేస్తే ఆరుసార్లూ బొమ్మే పడాలంటే అరవై నాలుగింట ఒక్క అవకాశం. కాబట్టి ఏదో మారిందన్నది దాదాపు ఖాయం. ఏది మారిందో మాత్రం లెక్క చెప్పదు. నేను అడగకపోయి ఉంటే ఎవరూ చెప్పేవారు కూడా కాదు. ఆయుధ పూజకు మెషీన్ మొత్తం విప్పి, కడిగి, అరిగిన రోలర్లు తీసేసి కొత్తవి వేశారు. దాన్ని ఎవరూ మార్పు అనుకోలేదు, పూజలో భాగం అనుకున్నారు. ఇక ఫలితం పద్ధతిదా, పూజకు ముందు చేసిన సర్వీసింగ్‌దా?

అందుకే మళ్లీ పరీక్ష పెట్టాం. ప్రతి వారం ఒకే సైజు పెట్టెలు రెండు ఆర్డర్లు నడపాలి. ఒకదానికి అన్న పద్ధతి, రెండోదానికి పాత పద్ధతి. దేనికి ఏదన్నది నాణెం ఎగరేసి తేల్చాలి. ఆ రోజు ఫ్యాక్టరీలో ఎవరి జేబులోనూ నాణెం లేదు, అందరూ ఫోన్లతో కట్టేవాళ్లే. చివరికి మెషీన్ ముందున్న పూజ పళ్లెంలోంచి రూపాయి బిళ్ల తీశారు. లెక్కంతా సదానందం అన్నకు అక్కడే నేర్పాను. చిత్తు అట్టముక్క మీద బొమ్మలూ బొరుసులూ గీసుకుంటూ పిల్లాడిలా సంబరపడ్డాడు. అప్పటికే దగ్గుతున్నాడు. పరీక్ష మొదలైన రెండో వారానికి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలింది. జనవరి చివర్లో దవాఖానా నుంచి మేడిపల్లిలోని ఇంటికి పంపేశారు, ఇంక చేసేదేమీ లేదని.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి హబ్సిగూడలో దిగాను. నాచారం వెళ్లాలంటే ఉప్పల్ దాకా వెళ్లనవసరం లేదు, హబ్సిగూడ నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. ఆటో నిండేదాకా కదలదు. వెనక ముగ్గురం ఉన్నా డ్రైవర్ తృప్తి పడలేదు. "జర లోపలికి జరుగున్రి మేడం, ఇంకో మనిషి పడ్తడు" అన్నాడు. పడడని చెప్పాను. పట్టాడు. పావుగంటలో పారిశ్రామికవాడ గేటు దగ్గర దింపి, "వాపసు వచ్చేటప్పుడు ఈడ నిలబడకున్రి, ఎదురుంగ నిలబడున్రి, తొందరగ దొరుకుతది" అని సలహా ఇచ్చాడు. అతని మాట నిజమే, మీరూ గుర్తుపెట్టుకోండి.

ఓనర్ రవీందర్ గారు ఛాయ్ తెప్పించి ఎనిమిది వారాల అంకెలు ముందు పెట్టారు. అన్న పద్ధతిలో నడిపిన ఆర్డరు ఐదు వారాల్లో మెరుగ్గా ఉంది, మూడు వారాల్లో పాతదే మెరుగ్గా ఉంది. ఐదు, మూడు. చూడ్డానికి గెలిచినట్టే ఉంటుంది. ఈ అంకెతో రంగురంగుల స్లైడ్లు చేసి బహుమతులు పుచ్చుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను, ఒళ్లు మండుతుంది. ఎనిమిదిసార్లు ఉత్తినే నాణెం ఎగరేసినా ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం మూడో వంతు కన్నా కాస్త ఎక్కువే. కనీసం ఏడు వచ్చి ఉంటే ధైర్యంగా మాట్లాడేదాన్ని. వెళ్లేముందు ఏడు రావాలని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

"అయితే ఆపేస్త మేడం" అన్నారు రవీందర్ గారు. "ఊకె మెషీన్ ఆపుతుంటె ఆర్డర్లు లేటైతున్నయి. సదన్న మనసు నొప్పియ్యొద్దని ఇన్ని దినాలు నడిపిన." ఆయనది తప్పని అనలేను. అంకెల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. "జర మెల్లగ చెప్పున్రి ఆయనకు" అని గేటు దాకా వచ్చారు.

నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ఉప్పల్ చేరి, అక్కడ వరంగల్ వైపు వెళ్లే సిటీ బస్సెక్కాను. పైవంతెన పనుల వల్ల ఆ రోడ్డు మీద అరగంట ప్రయాణానికి గంట చేతిలో పెట్టుకోండి. కిటికీ పక్కన కూర్చుంటే ముఖానికి గుడ్డ కట్టుకోవాలి, అంత దుమ్ము. నేను కట్టుకోలేదు. ఏం చెప్పాలో వెతుక్కుంటూ కూర్చున్నాను. మేడిపల్లిలో దిగేసరికి ఒంటిగంట దాటింది, తినాలనిపించలేదు.

సందు మొదట్లోనే అన్న భార్య సరోజన నిలబడి ఉంది. నన్ను ఇంట్లోకి పోనివ్వకుండా చెయ్యి పట్టుకుంది. "ఒక్క మాట అడుగుత అమ్మా. మంచిగ పనిజేసిందని చెప్పు, ఇంకేమొద్దు. పొద్దుగాల నుంచి నీ కోసమే సూస్తున్నడు. అన్నం గూడ ముట్టలే." నేను తల ఊపాను. ఆ క్షణంలో అబద్ధం చెప్పాలనే నిర్ణయించుకున్నాను.

మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నవంబరులో చూసిన మనిషిలో సగం కూడా లేడు. "ముందు నీళ్లు తాగు చెల్లె" అన్నాడు. తాగాను. "రవీందర్ సేటు మంచిగున్నడా?" బాగున్నారన్నాను. పద్ధతి బాగా పనిచేసింది అన్నా అని మొదలుపెట్టబోయాను. పని చేసిందా లేదా అని అతను అడగనే లేదు.

"ఎనిమిదిట్ల ఎన్ని?" అన్నాడు.

ఈ ప్రశ్నకు అబద్ధం సిద్ధం చేసుకోలేదు. నేను నేర్పిన లెక్క మీద నాకే అబద్ధం రాలేదు. "ఐదు అన్నా" అన్నాను.

దుప్పటి మీద వేళ్లు కదిలించుకుంటూ లెక్కపెట్టాడు. సరోజన గడప దగ్గరే ఆగిపోయి నా వైపు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

"ఐదంటె ఉత్తగనే గూడ వస్తది గదా. మూడుసార్లల్ల ఒకసారి."

"అంతకన్నా కొంచెం ఎక్కువే."

"అయితె పనిజేసిందని చెప్పలేం."

"చెయ్యలేదని కూడా చెప్పలేం అన్నా. కొద్దిగా మేలు చేసి ఉండొచ్చు, ఎనిమిది వారాల్లో అది కనపడదు."

"నన్ను ఊకుంచనీకి అంటున్నవా?"

"కాదు. ఒట్టు, నిజంగానే అంటున్నా."

కాసేపు కళ్లు మూసుకున్నాడు. కళ్ల చివర నీళ్లు దిగాయి, తుడుచుకోలేదు. సరోజన వచ్చి కొంగుతో తుడిచింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇక వెళ్లనా అని లేవబోతుంటే కూర్చోమని చెయ్యి చూపించాడు.

"ఇంకోటి అనిపిస్తున్నది చెల్లె. గమ్ము డబ్బాలు రేకుల షెడ్డు కింద పెడ్తరు. ఎండకు పల్చగైతది. గందుకే ఎండాకాలం ఊడుడు ఎక్కువ. ఆఫీసు పక్క రూముల పెట్టి సూడుమను. గిట్లనే, బిళ్ల ఎగరేసి."

"తప్పకుండా చూద్దాం అన్నా."

"ఎన్ని వారాలు సూడాలె?"

"ఎనిమిది" అనేశాను. అన్నాక గానీ నేనేం అన్నానో తెలియలేదు. సరోజన గోడ వైపు తిరిగింది.

"నాలుగు పెట్టుకుంటె?" అని అడిగాడు, చాలా నెమ్మదిగా.

మళ్లీ దుప్పటి మీద వేళ్లు కదిలాయి. "నాలుగుకు నాలుగొచ్చినా పదహారుట్ల ఒకసారి ఉత్తగనే వస్తది. అది సాలదు" అని తనే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎనిమిదే పెట్టు చెల్లె. పని సక్కగ గావాలె."

తిరుగు ప్రయాణం ఉప్పల్ నుంచి మెట్రోలో, కూర్చోవడానికి సీటు దొరికింది. అంతకన్నా ఆ దారి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సోమవారమే రవీందర్ గారు గమ్ము డబ్బాల్లో సగం ఆఫీసు పక్క గదిలోకి మార్పించారు. మార్పులను లెక్కగట్టడంలో చల్లని తల ఉండాలని నేను ఎన్నోచోట్ల పాఠాలు చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను. అయితే అంకె వెనక దాని కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్న మనిషి ఉంటాడని, ఆ మనిషికి మనం చెప్పే జవాబు చల్లగా ఉండదని ఇంతగా ఎప్పుడూ తెలిసిరాలేదు. అబద్ధం చెప్పనందుకు సరోజన నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

ఇలాంటి పరీక్ష పెట్టేవారికి మూడు సూచనలు. ఎన్ని వారాలు నడపాలో ముందే నిర్ణయించుకోండి, మెషీన్ సర్వీసింగ్ అయిన వెంటనే మొదలుపెట్టకండి, గడువు పూర్తయ్యేదాకా మధ్యలో ఫలితం తెరిచి చూడకండి. చూస్తే మనకు కావలసిన దగ్గర ఆపేయాలనిపిస్తుంది. నేను మాత్రం ప్రతి శనివారం నాచారంలో ఆ వారం అంకె తెలుసుకుని, ఉప్పల్‌లో బస్సెక్కి మేడిపల్లి వెళ్లి అన్నకు చెప్పి వస్తున్నాను.