ట్వంటేలో మూగబోయిన చానెల్

యాంగోన్‌లో ఒక ప్రైవేటు రేడియో స్టేషన్‌లో నాథన్ ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్. మేనేజరు ఊ సో థేన్ పేరెత్తితేనే అతనికి ఒళ్లుమంట. ఆ పెద్దమనిషి పాత స్టేషన్ సిగ్నల్‌లోనే డిజిటల్‌గా రెండో చానెల్ పెట్టించాడు. దాన్ని పట్టే రేడియో ఊళ్లో ఎవరి దగ్గరా లేదు, ఆయన దగ్గరా లేదు. అందుకని ఆ చానెల్‌ని అందుకుని మామూలు రేడియోలకు వినిపించే చిన్న ట్రాన్స్‌మిటర్‌ని నాథనే వెళ్లి, నది అవతల డెల్టాలో ఉన్న ట్వంటే ఊళ్లో బిగించాడు. డెల్టా అంతా మనల్నే వింటోందని మేనేజరు మీటింగుల్లో ఒకటే గొప్పలు.

మొన్న నాథన్ తనిఖీకి వెళ్తే, అక్కడ కుండలు చేసే తెలుగావిడ పైడితల్లి ఎదురొచ్చింది.

"ఏటి బాబూ, ఆర్రోజుల్నించి రేడియో మూగబోనాది? అడగడానికి రెండుమార్లొచ్చినాను, గేటుకి తాళమే."

ట్రాన్స్‌మిటర్ బాగానే ఉంది. యాంగోన్‌లోనే రెండో చానెల్‌కి పాటలు పెట్టడం మరిచిపోయారు. నాథన్ ఫోన్ చేశాడు.

"సిగ్నల్ అందుతోందా?" అన్నాడు మేనేజరు.

"అందుతోందండీ. అందులో ఏమీ లేదు."

"సిగ్నల్ ఉంది కదా, చాలు. రిపోర్టులో బాగుందని రాసెయ్."

వీడికి చెవులెందుకో అనుకున్నాడు నాథన్. ఆరు రోజులు చానెల్ మూగబోతే మేనేజరు గమనించలేదని, ఒక కుమ్మరి మనిషి గమనించిందని రాసి, రిపోర్టు నేరుగా యజమానికే పంపాడు. సాయంత్రానికి పాటలొచ్చాయి. అప్పట్నుంచీ మేనేజరు అతనితో మాట్లాడడం లేదు. నాథన్‌కి అదే హాయిగా ఉంది.